కెమెరా చిప్‌లో కంప్రెసివ్ సెన్సింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరుకు చిప్ డిజైన్ పని మీద వచ్చే తెలుగువాళ్లకు కొదవ లేదు. ఎంటెక్ ప్రాజెక్టుకు టాపిక్ వెతుక్కునేవాళ్లు, కొత్తగా అనలాగ్ టీమ్‌లో చేరినవాళ్లు, పీహెచ్‌డీకి అప్లై చేద్దామా వద్దా అని ఊగిసలాడేవాళ్లు, ఇలా అందరి దగ్గర నుంచీ కంప్రెసివ్ సెన్సింగ్ గురించి ఇంచుమించు ఇవే ప్రశ్నలు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టే బదులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నాది రీడౌట్ సర్క్యూట్ల పని, అంటే పిక్సెళ్ల నుంచి సిగ్నల్‌ని బయటికి చదివే సర్క్యూట్లు. కాబట్టి ఇక్కడ సిద్ధాంతాల రుజువులు ఉండవు, సిలికాన్ గోల ఎక్కువగా ఉంటుంది.

అసలేమిటిది? రెండు ముక్కల్లో చెప్పండి.

మామూలు కెమెరా ప్రతి పిక్సెల్‌నీ విడిగా చదువుతుంది, అంకెగా మారుస్తుంది. ఆ తర్వాత జేపెగ్ వచ్చి ఆ అంకెల్లో చాలా భాగాన్ని పారేస్తుంది. ఎలాగూ పారేసేదాన్ని కష్టపడి కొలవడం దేనికి? ఈ రంగం పుట్టింది ఆ ప్రశ్నలోంచే. కంప్రెసివ్ సెన్సింగ్‌లో పిక్సెళ్లను ఒక్కొక్కటిగా కొలవం. గుడ్డిగా ఎంచిన కొన్ని పిక్సెళ్ల వెలుగును కలిపి ఒక కొలతగా తీసుకుంటాం. తర్వాత ఇంకో గుంపు, ఇంకో మొత్తం. అలా పిక్సెళ్ల సంఖ్యకంటే బాగా తక్కువ కొలతలు తీసుకుని, బొమ్మను తర్వాత కంప్యూటర్‌లో లెక్కగట్టి రాబడతాం.

తెలియని రాశులు ఎక్కువ, సమీకరణాలు తక్కువ. అది కుదరదని ఇంటర్‌లోనే చెప్పారు కదా అన్నా?

సరిగ్గానే చెప్పారు. జవాబులు లెక్కలేనన్ని వస్తాయి. కానీ వాటిలో చాలావరకు టీవీలో సిగ్నల్ పోయినప్పటి చుక్కల్లా ఉంటాయి తప్ప ఫొటోలా ఉండవు. నిజమైన ఫొటోను వేవ్‌లెట్‌లోకో డీసీటీలోకో మారిస్తే, అంటే కొన్ని ప్రామాణిక నమూనాల మొత్తంగా రాస్తే, పెద్ద గుణకాలు కొన్నే ఉంటాయి, మిగతావన్నీ సున్నాకు దగ్గరగా ఉంటాయి. కొలతలకు సరిపోయే జవాబులన్నిటిలో అలాంటి పొదుపైన జవాబునే ఎంచుకో అని కంప్యూటర్‌కి చెబుతాం. ఆ ఎంపిక గట్టిగా నిలబడుతుందని 2006లో వచ్చిన పేపర్లు రుజువు చేశాయి. ఒకవైపు ఎమాన్యుయెల్ కాండెస్, జస్టిన్ రోంబర్గ్, టెరెన్స్ టావ్, మరోవైపు డేవిడ్ డోనహో. బొమ్మలో మొత్తం ఎన్ పిక్సెళ్లు ఉండి, అందులో ముఖ్యమైన గుణకాలు కె మాత్రమే అయితే, కావలసిన కొలతలు సుమారుగా కె ఇంటూ లాగ్ ఆఫ్ ఎన్ బై కె. ముందు ఒక చిన్న స్థిరాంకం ఉంటుంది. ఆ స్థిరాంకమే హార్డ్‌వేర్ వాళ్ల కొంప ముంచుతుంది, అది వేరే సంగతి.

ఇదే లెక్క కొవిడ్ రోజుల్లో బెంగళూరులో పనిచేసింది. 2020లో ఐఐటీ బాంబే వాళ్లు టేపెస్ట్రీ అనే పద్ధతి తయారు చేశారు. అందులో ఇక్కడి ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలకూ భాగం ఉంది. ఒక్కొక్కరి శాంపిల్‌నీ విడిగా టెస్ట్ చేయకుండా, ప్రతి శాంపిల్‌నీ కొన్ని గొట్టాల్లో కలిపి, ఆ గొట్టాలనే టెస్ట్ చేయడం. వందలో పాజిటివ్‌లు నలుగురైదుగురే ఉంటారని తెలుసు కాబట్టి, తక్కువ టెస్టుల ఫలితాల నుంచే ఎవరెవరో తేల్చవచ్చు. శాంపిల్ స్థానంలో పిక్సెల్‌ను, గొట్టం స్థానంలో ఏడీసీని (వోల్టేజిని అంకెగా మార్చే సర్క్యూట్‌ని) పెట్టుకోండి. అంతే తేడా.

అయితే నైక్విస్ట్ తప్పా?

కాదు. సిగ్నల్ బ్యాండ్‌విడ్త్ ఒక్కటే తెలిసినప్పుడు నైక్విస్ట్ సూత్రం చెప్పినంత వేగంగా, అంటే ఆ బ్యాండ్‌విడ్త్‌కి రెట్టింపు వేగంగా శాంపిల్ చేయాల్సిందే. ఇక్కడ మనకు ఇంకో విషయం కూడా తెలుసు, సిగ్నల్ స్పార్స్ అని, అంటే అందులో ముఖ్యమైన గుణకాలు కొన్నే అని. ఎక్కువ తెలుసు కాబట్టి తక్కువ కొలతలతో సరిపోతోంది. యూట్యూబ్ వీడియోల పేర్లు చూసి మోసపోకండి.

సింగిల్ పిక్సెల్ కెమెరా అని అందరూ చెబుతారు. అది నిజంగా ఒకే పిక్సెలా?

నిజంగానే. 2006 ప్రాంతంలో రైస్ యూనివర్సిటీలో రిచర్డ్ బరానియుక్, కెవిన్ కెల్లీ బృందం చేసింది. లెన్స్ నుంచి వచ్చిన బొమ్మ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి డీఎండీ చిప్ మీద పడుతుంది. ప్రొజెక్టర్లలో ఉండే లక్షలాది చిట్టి అద్దాల చిప్ అదే. కొన్ని అద్దాలు కాంతిని ఫోటోడయోడ్ (కాంతిని కరెంటుగా మార్చే భాగం) వైపు తిప్పుతాయి, మిగతావి పక్కకు తోసేస్తాయి. డయోడ్‌కి అందేది, అటు తిరిగిన అద్దాల మీద పడిన వెలుగు మొత్తం. అద్దాల అమరిక మార్చి మళ్లీ కొలుస్తారు.

దీనికి వేగం తక్కువ. 1024 బై 768 అద్దాలు, పది శాతం కొలతలు అనుకుంటే 78 వేలకు పైగా అమరికలు కావాలి. అద్దాలు సెకనుకు 20 వేల సార్లు తిరిగినా ఒక ఫొటోకి దాదాపు 4 సెకన్లు. ఈలోపు కదిలిన మనిషి బొమ్మలో చెదిరిపోతాడు. ఇది ఆలోచనను నిరూపించిన గొప్ప ప్రయోగం. మామూలు ఫొటోలకు ఎవరూ కొనరు. ఎవరు కొంటారో కింద చెబుతాను.

చిప్‌లోపల ఈ కూడిక ఎక్కడ జరుగుతుంది?

నన్నడిగితే ఈ పేజీలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. నాలుగు చోట్ల కూడవచ్చు. ఎక్కడ కూడతారన్నదాన్ని బట్టి డిజైన్ మొత్తం మారిపోతుంది.

ఒకటి, కాంతిగా ఉన్నప్పుడే. అద్దాలతోనో మాస్కుతోనో ముందే కలిపేయడం. సింగిల్ పిక్సెల్ కెమెరా ఈ కోవలోది. సిలికాన్‌కి పని తగ్గుతుంది, కెమెరా మాత్రం బరువెక్కుతుంది.

రెండు, పిక్సెల్ దగ్గరే. ప్రతి పిక్సెల్ కరెంటునూ ఒక స్విచ్ ద్వారా ఉమ్మడి తీగ మీదకు వదిలితే, కిర్చాఫ్ నియమమే కూడిక చేసిపెడుతుంది. దానికి విడిగా సర్క్యూట్ అక్కర్లేదు. 2009లో స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్ వాళ్లు ప్రతి పిక్సెల్‌లో ఒక ఫ్లిప్‌ఫ్లాప్ (ఒక బిట్ దాచే సర్క్యూట్) పెట్టి, వాటిని గొలుసుగా కలిపి, అమరికను క్లాక్‌కి ఒక అడుగు జరిపేలా ప్రతిపాదించారు. చూడముచ్చటైన ఆలోచన. కానీ ఫ్లిప్‌ఫ్లాప్‌కి చోటు కావాలి, ఆ చోటు ఫోటోడయోడ్ నుంచే పోవాలి. ఫోన్ కెమెరాల్లో పిక్సెల్ ఒక మైక్రాన్ కంటే చిన్నదైపోయింది. అక్కడ ఒక్క ట్రాన్సిస్టర్ అదనంగా పెట్టమన్నా లేఅవుట్ ఇంజనీర్ మొహం మాడిపోతుంది.

మూడు, కాలమ్ (పిక్సెళ్ల నిలువువరస) చివర, ఏడీసీలోకి వెళ్లేటప్పుడు. నా ఓటు దీనికే. స్టాన్‌ఫర్డ్‌లో యూసుకే ఓయికే, అబ్బాస్ ఎల్ గమాల్ కలిసి చేసిన చిప్ వివరాలు 2013లో వచ్చాయి. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు మొదట చదవాల్సిన పేపర్ అది. 256 బై 256 పిక్సెళ్లు, 0.15 మైక్రాన్ ప్రాసెస్, మామూలు 4టీ పిక్సెల్, అంటే నాలుగు ట్రాన్సిస్టర్లది. పిక్సెల్‌ని ముట్టుకోలేదు. ప్రతి కాలమ్‌కీ ఒక సిగ్మా డెల్టా ఏడీసీ పెట్టారు. సిగ్మా డెల్టా ఎలా పనిచేస్తుందో గుర్తు తెచ్చుకోండి. ఇన్‌పుట్‌ని చాలాసార్లు చూసి, చివరికి సగటు చెబుతుంది. మామూలుగా ఆ చాలాసార్లూ ఒకే పిక్సెల్‌ని చూస్తుంది. వీళ్లు మధ్యలో ఒక మల్టిప్లెక్సర్ (చాలా ఇన్‌పుట్‌లలో ఒకదాన్ని ఎంచే స్విచ్) పెట్టి, ఒక్కోసారికీ ఒక్కో పిక్సెల్‌ని, అదీ రాండమ్‌గా, మార్చి చూపించారు. ఏడీసీ అలవాటు ప్రకారం సగటు చెప్పింది. ఆ సగటే మనకు కావలసిన కొలత. అదనంగా పట్టిన చోటు చిప్‌లో 1.8 శాతం.

ఫలితాలు చూడండి. మామూలుగా సెకనుకు 120 ఫ్రేములు. నాలుగో వంతు కొలతలతో 480, ఎనిమిదో వంతుతో 960, పదహారో వంతుతో 1920. అన్నిటికీ పవర్ ఒకటే, సుమారు 96 మిల్లీవాట్లు. చాలామంది ఇక్కడ తడబడతారు, పవర్ తగ్గలేదేంటని. ఏడీసీలు ముందు ఎంత వేగంగా పరిగెత్తేవో ఇప్పుడూ అంతే పరిగెత్తుతున్నాయి. ఫ్రేముకి అయ్యే మార్పిడులు మాత్రం తగ్గాయి. ఆ మిగులును వేగం కింద తీసుకున్నారు. కావాలంటే 120 ఫ్రేముల దగ్గరే ఆగి, మిగతా సమయం ఏడీసీలను నిద్రపుచ్చి, ఆ మిగులును పవర్ కింద తీసుకోవచ్చు.

నాలుగు, ఏడీసీ తర్వాత డిజిటల్‌లో కూడటం. అప్పటికే ప్రతి పిక్సెల్‌నీ మార్చేశాం, కరెంటు ఖర్చయిపోయింది. బయటికి పంపే డేటా ఒక్కటే తగ్గుతుంది, ఆ పని జేపెగ్ ఇంతకంటే బాగా చేస్తుంది. ఎఫ్‌పీజీఏ (కావలసిన లాజిక్‌ని ప్రోగ్రామ్ చేసుకునే చిప్) మీద చేసే స్టూడెంట్ ప్రాజెక్టుల్లో ఎక్కువ ఇవే. నేర్చుకోవడానికి తప్పులేదు. రిపోర్టులో మాత్రం ఏడీసీ పవర్ ఆదా అయింది అని రాయకండి.

4టీ పిక్సెల్‌ని ఒకసారి చదివితే ఛార్జ్ పోతుంది కదా. ఒకే పిక్సెల్ చాలా కొలతల్లో ఎలా ఉంటుంది?

ఛార్జ్‌ని ఫోటోడయోడ్ నుంచి ఫ్లోటింగ్ డిఫ్యూజన్‌కి (పిక్సెల్‌లోనే ఛార్జ్‌ని వోల్టేజిగా మార్చే చిన్న చోటుకి) మార్చేది ఒక్కసారే. అక్కడికి చేరాక, రీసెట్ చేయనంతవరకు ఆ వోల్టేజిని సోర్స్ ఫాలోయర్ (పిక్సెల్‌లోని బఫర్ ట్రాన్సిస్టర్) ద్వారా ఎన్నిసార్లయినా చూడవచ్చు. చిక్కు వేరే చోట ఉంది. ఫ్లోటింగ్ డిఫ్యూజన్‌లో లీకేజీ ఉంటుంది, దాని మీద కాంతి కూడా ఎంతో కొంత పడుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ విలువ జారుతుంది. పైగా సీడీఎస్ (సిగ్నల్ విలువలోంచి రీసెట్ విలువను తీసేసే పద్ధతి) చేయాలంటే రీసెట్ విలువ కూడా అదే క్రమంలో, అదే పిక్సెళ్లతో కలిపి తీసేయాలి. టైమింగ్ డయాగ్రమ్ గీయడం మొదలుపెడితే అర్థమవుతుంది టెన్షన్ ఏమిటో.

రాండమ్ మాట్రిక్స్‌ని చిప్‌లో ఎక్కడ దాస్తారు?

దాచరు. ఏ కొలతలో ఏ పిక్సెళ్లు కలిశాయో చెప్పే పట్టికే ఈ మాట్రిక్స్. 256 బై 256 బొమ్మకి నాలుగో వంతు కొలతలంటే 16,384 అడ్డువరసలు, 65,536 నిలువువరసలు. ఒక్కో గడికి ఒక బిట్ ఇచ్చినా 128 మెగాబైట్లు. సెన్సర్ చిప్‌లో అంత మెమరీకి చోటెక్కడిది? అందుకే ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్ వాడతారు, అంటే రాండమ్‌లా కనపడే బిట్లను పుట్టించే షిఫ్ట్ రిజిస్టర్. కొన్ని ఫ్లిప్‌ఫ్లాప్‌లు, రెండు మూడు ఎక్స్‌ఆర్ గేట్లు. 16 బిట్లదైతే 65,535 క్లాకుల తర్వాత గానీ మళ్లీ మొదటికి రాదు. ఫ్రేమ్ మొదట్లో తెలిసిన విత్తనంతో (సీడ్, అంటే మొదటి విలువతో) మొదలుపెడితే, అవతల కంప్యూటర్ కూడా అదే వరసను తయారు చేసుకుంటుంది. బొమ్మను చిన్న బ్లాకులుగా విడగొట్టి, అన్నిటికీ ఒకే అమరిక వాడటం ఇంకో దారి. అలా చేస్తే రికన్‌స్ట్రక్షన్ (కొలతల నుంచి బొమ్మను రాబట్టడం) తేలికవుతుంది. బ్లాకుల అంచుల్లో గీతలు కనపడతాయి, వాటిని సాఫ్ట్‌వేర్‌లో సవరించుకోవాలి.

కొలతలు తగ్గాయి కాబట్టి ఏడీసీ చిన్నదైతే సరిపోతుందా?

లేదు, పెద్దది కావాలి. పేపర్లలో అబ్‌స్ట్రాక్ట్ దాకా చదివి ఆగేవాళ్లకు తెలియని సంగతి ఇది.

10 బిట్ల పిక్సెళ్లు 16 కలిపితే మొత్తం 14 బిట్లకు పెరుగుతుంది. అది సులువైన భాగం. అసలు బాధ ఇంకోటి. 65,536 పిక్సెళ్లలో రాండమ్‌గా సగాన్ని కలిపారనుకోండి. ఏ సగాన్ని ఎంచినా మొత్తం ఇంచుమించు ఒకటే వస్తుంది, ఎందుకంటే సగటు వెలుగు అన్నిట్లోనూ ఉంది. మనకు కావలసిన సమాచారం ఆ మొత్తాల మధ్య ఉండే చిన్న తేడాలో ఉంటుంది. ఆ తేడా మొత్తంలో ఒకటి బై రూట్ ఎన్ పాటిది, అంటే 256లో ఒక వంతు, 0.4 శాతం. 8 బిట్ల ఏడీసీకి అది ఒక మెట్టు అటూ ఇటూ. అంటే ఆ ఏడీసీ అన్ని కొలతలకూ దాదాపు ఒకే జవాబు చెబుతుంది!

దీనికి మందులు ఉన్నాయి. గుంపు చిన్నదిగా ఉంచడం ఒకటి. ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి అమరికలు వాడి సగటును ముందే కొట్టేయడం మరొకటి. దానికి డిఫరెన్షియల్ సర్క్యూట్ కావాలి, దాని మిస్‌మ్యాచ్ మళ్లీ మన మెడకే చుట్టుకుంటుంది. ఏ దారిలో వెళ్లినా, కంప్రెషన్ రేషియో చెప్పేటప్పుడు కొలతల సంఖ్య చెప్పి ఊరుకోకూడదు. బిట్లు లెక్కపెట్టాలి. 8 బిట్ల 65,536 పిక్సెళ్ల బదులు 12 బిట్ల 16,384 కొలతలు పంపితే, తగ్గింది నాలుగు రెట్లు కాదు, 2.67 రెట్లు.

నాయిస్ సంగతేంటి? చాలా పిక్సెళ్లు కలిపితే సిగ్నల్ పెరిగి నాయిస్ తగ్గాలి కదా?

ఏ నాయిస్ అన్నదాన్ని బట్టి. ఏడీసీ, యాంప్లిఫయర్ల నుంచి వచ్చే రీడ్ నాయిస్ ఎక్కువగా ఉండి, కాంతి తక్కువగా ఉంటే కలపడం వల్ల లాభమే. ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్లలో ఈ లాభం నిజంగా కనపడుతుంది. కానీ ఈనాటి మంచి సీమాస్ (మామూలు సిలికాన్ చిప్ తయారీ పద్ధతి) సెన్సర్లలో రీడ్ నాయిస్ ఒకటి రెండు ఎలక్ట్రాన్లకు పడిపోయింది. మామూలు వెలుతురులో మిగిలేది షాట్ నాయిస్, అంటే ఫోటాన్లు విడివిడిగా, అటూ ఇటూగా రావడం వల్ల పుట్టేది. అది కాంతితో పాటే వస్తుంది, ఎక్కువ కాంతిని కలిపితే అది కూడా కలుస్తుంది. చీకటి పిక్సెల్ పక్కన వెలుగు పిక్సెల్‌ని కలిపితే, వెలుగు పిక్సెల్ షాట్ నాయిస్ చీకటి పిక్సెల్‌కీ అంటుతుంది.

ఇంకోటి కూడా గుర్తుంచుకోండి. కొలవకముందే సిగ్నల్‌లో ఉన్న నాయిస్ ఈ పద్ధతిలో మడతపడి పెరుగుతుంది. కొలతలను సగానికి తగ్గించిన ప్రతిసారీ ఎస్‌ఎన్‌ఆర్ (సిగ్నల్‌కి, నాయిస్‌కి ఉన్న నిష్పత్తి) 3 డీబీ పోతుంది. ఎనిమిదో వంతుకు తగ్గిస్తే 9 డీబీ. ఏ అల్గారిథమ్ దీన్ని వెనక్కి తేలేదు.

పిక్సెళ్ల మధ్య గెయిన్ తేడాలు మామూలు సెన్సర్‌లో నిలువు చారలుగానో మచ్చలుగానో కనపడతాయి, చూసి సరిదిద్దుకోవచ్చు. ఇక్కడ ఆ తేడా మాట్రిక్స్‌లోకే దూరిపోతుంది. బొమ్మంతా పల్చగా పాడవుతుంది, ఎక్కడ తప్పు జరిగిందో చూసి చెప్పలేం. కాలిబ్రేషన్‌కి టైమ్ కేటాయించని ప్రాజెక్టు ప్లాన్ కనపడితే అక్కడే ఆపించండి.

జేపెగ్ ఉండగా ఇదంతా ఎందుకన్నా?

మామూలు ఫొటోలకైతే అక్కర్లేదు. నేను ఎవరితోనైనా ఇదే చెబుతాను. జేపెగ్ బొమ్మను చూశాక ఏ గుణకాలు ఉంచాలో నిర్ణయిస్తుంది. కంప్రెసివ్ సెన్సింగ్ బొమ్మను చూడకుండానే కొలతలు నిర్ణయించుకుంటుంది. చూసినవాడికీ చూడనివాడికీ పోటీ పెడితే చూసినవాడే గెలుస్తాడు. ఒకే బిట్ల ఖర్చుకు జేపెగ్ బొమ్మ బాగుంటుంది. 1992 నాటి స్టాండర్డ్ కాబట్టి దాని హార్డ్‌వేర్ బ్లాకు కూడా ఇప్పుడు చవక.

అందుకే ఎవరైనా ఈ టాపిక్ తెస్తే నేను అడిగేది ఒక్కటే. మీ సిస్టమ్‌లో ఖర్చు ఎక్కడుంది? కొలవడం ఖరీదైతే కొలతలు తగ్గించడంలో అర్థం ఉంది. కొలవడం చవకై, పంపడం ఖరీదైతే మామూలు కంప్రెషన్ చాలు. రెండూ చవకైతే వేరే టాపిక్ చూసుకోవడం మంచిది.

మరి కొలవడం ఖరీదైన చోట్లేవి?

షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్. సిలికాన్ 1100 నానోమీటర్ల దగ్గర చూపు కోల్పోతుంది. ఆపైన ఇండియం గాలియం ఆర్సెనైడ్ కావాలి. దాని పిక్సెల్ అరేను విడిగా తయారు చేసి, రీడౌట్ చిప్ మీద పిక్సెల్‌కి ఒక బంప్ (చిట్టి లోహపు బొడిపె) చొప్పున అతికించాలి. అందుకే ఆ అరేలు ఖరీదు. ఒక్క డయోడ్ మాత్రం చవక. సింగిల్ పిక్సెల్ కెమెరాను అమ్మకానికి తెచ్చే ప్రయత్నాలు ఈ బ్యాండ్‌లోనే జరగడానికి కారణం అదే.

ఎంఆర్‌ఐ. కెమెరా కాదు గానీ ఈ గణితానికి దక్కిన పెద్ద విజయం అక్కడే. ఒక్కో కొలతకీ సమయం పడుతుంది, పేషెంట్ ఊపిరి బిగబట్టి పడుకోవాలి. మైకేల్ లుస్టిగ్ 2007 పేపర్‌తో మొదలై, పదేళ్లలో స్కానర్లలోకి వచ్చేసింది. 2017లో సీమెన్స్, జీఈ పద్ధతులకు అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

హై స్పీడ్ వీడియో. సెన్సర్ వాళ్లకు నాకు కనపడే మంచి దారి ఇదే. ఒక ఎక్స్‌పోజర్‌లో ప్రతి పిక్సెల్‌కీ సొంత షట్టర్ ఇస్తారు. ఒక్కో పిక్సెల్ ఒక్కో సమయంలో తెరుచుకుని మూసుకుంటుంది. బయటికి వచ్చేది ఒకే ఫొటో. దాని నుంచి చాలా ఫ్రేముల వీడియో లెక్కగడతారు. 2011లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు దీన్ని ల్యాబ్ ఆప్టిక్స్‌తో చూపించారు. 2016లో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్లు పిక్సెల్ వారీ ఎక్స్‌పోజర్‌ని సీమాస్ చిప్‌లోనే పెట్టారు. మన పక్కన చెన్నైలో ఐఐటీ మద్రాస్ కంప్యుటేషనల్ ఇమేజింగ్ ల్యాబ్ కూడా ఇలాంటి కోడెడ్ ఫొటోల నుంచి వీడియో రాబట్టడం మీద పేపర్లు రాసింది. పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్లు బెంగళూరులో ఐఐఎస్‌సీ ఒక్కటే చూసి ఊరుకోకుండా అటు కూడా చూడండి.

ఈ పద్ధతి నాకు నచ్చడానికి ఒక కారణం ఉంది. ఇక్కడ కూడిక కాలంలో జరుగుతుంది, పిక్సెల్ తన ఛార్జ్‌ని తానే కూడబెట్టుకుంటుంది. పొడవైన అనలాగ్ తీగలు లేవు, పెద్ద మొత్తంలో చిన్న తేడా వెతికే బాధ కూడా అంతగా లేదు.

మన ఫోన్ కెమెరాల్లో ఇది ఉందా?

రాండమ్ కొలతల అర్థంలో లేదు. 1976లో పేటెంట్ వచ్చిన బేయర్ ఫిల్టర్ ప్రతి పిక్సెల్ దగ్గరా ఒక్క రంగునే కొలిచి మిగతా రెండూ ఊహిస్తుంది. కావాలంటే దాన్ని దూరపు చుట్టం అనవచ్చు. ఫోన్ కంపెనీలు వెళుతున్న దారి వేరు. సెన్సర్ కింద లాజిక్ చిప్ అతికించి, అక్కడే పని చేయించడం. 2020లో సోనీ ప్రకటించిన ఐఎంఎక్స్500 సెన్సర్ బొమ్మను పంపకుండా, బొమ్మలో ఏముందో మాత్రమే పంపగలదు. డేటా తగ్గించడమే లక్ష్యమైతే కంప్రెసివ్ సెన్సింగ్‌కి అసలు పోటీ ఇప్పుడు అదే.

రికన్‌స్ట్రక్షన్‌కి న్యూరల్ నెట్‌వర్క్ వాడొచ్చా?

అందరూ అదే వాడుతున్నారు. 2016లో రికాన్‌నెట్, 2018లో ఇస్టా నెట్ అనే నెట్‌వర్క్‌లు వచ్చాక, పొదుపైన జవాబును వెతికే పాత ఎల్1 పద్ధతులు వేగంలో వెనకబడ్డాయి. కొలతలు బాగా తక్కువైనప్పుడు నెట్‌వర్క్ ఖాళీలను తనకు తెలిసిన బొమ్మలతో నింపుతుంది. జయనగర్‌లో చెట్టు ఆకులు కొంచెం అటూ ఇటూ అయితే ఎవరికీ నష్టం లేదు. సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర ఏపీ బండి నంబర్‌లో 3ని 8గా నింపితే చలానా ఇంకెవరి ఇంటికో పోతుంది. తప్పు జవాబు కూడా శుభ్రంగా, నమ్మబుద్ధేసేలా కనపడటమే ఇందులో ప్రమాదం. పాత పద్ధతుల్లో తప్పయితే బొమ్మ చెడిపోయి కనపడేది, కనీసం అనుమానం వచ్చేది.

మాట్రిక్స్ రహస్యంగా ఉంచితే ఎన్‌క్రిప్షన్ ఉచితంగా వచ్చినట్టేనా?

కాదు. ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్ వరసలో కొద్ది బిట్లు తెలిస్తే మిగతాది బెర్లెకాంప్ మాసే అల్గారిథమ్ చెప్పేస్తుంది. పైగా కొలతలు చూస్తేనే సీన్ ఎంత వెలుగుగా ఉందో తెలిసిపోతుంది. ఎన్‌క్రిప్షన్ కావాలంటే ఏఈఎస్ అనే ప్రామాణిక పద్ధతి పెట్టుకోండి.

ఇంట్లో చేసి చూడొచ్చా? ఖర్చు ఎంత?

చేయవచ్చు. ప్రొజెక్టర్ ఎరువు తెచ్చుకుంటే ఖర్చు కూడా పెద్దగా ఉండదు. డీఎండీ కొనక్కర్లేదు. కెమెరా వైపు అమరికలు పెట్టే బదులు, ప్రొజెక్టర్‌తో అమరికలను వస్తువు మీద వేసి, వెనక్కి వచ్చే వెలుగును ఒక ఫోటోడయోడ్‌తో కొలిస్తే చాలు. లెక్క ఒకటే. బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్, ఒక ఆప్‌ఆంప్, ఒక ఏడీఎస్1115 ఏడీసీ బోర్డు, ఒక ఆర్డుయినో. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో ఒక సాయంత్రం తిరిగితే దొరుకుతాయి. ఆదివారం వెళ్లకండి, షాపులు చాలావరకు మూసి ఉంటాయి.

ఆర్డుయినో ఊనో ఆర్3లో ఉన్న ఏడీసీ వాడకూడదు. అది 10 బిట్లది. పైన చెప్పిన సగటు బాధ ఇక్కడ కళ్లారా చూస్తారు. ఏడీఎస్1115 16 బిట్లది, నెమ్మది, కానీ ప్రొజెక్టర్ ఇంకా నెమ్మది కాబట్టి సరిపోతుంది. 32 బై 32 హాడమార్డ్ అమరికలతో (ప్లస్ ఒకటి, మైనస్ ఒకటితో చేసిన ప్రామాణిక అమరికలు) మొదలుపెట్టండి. మొత్తం 1024, ప్రతిదానికీ దాని తిరగేసినది కూడా వేసి తేడా తీసుకుంటే 2048. సెకనుకు పది వేస్తే మూడున్నర నిమిషాలు. ముందు అన్నీ కొలిచి బొమ్మ వస్తోందో లేదో చూసుకుని, తర్వాత నాలుగో వంతు కొలతలతో ప్రయత్నించండి.

గదిలో ట్యూబ్‌లైట్ ఆపేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు 100 హెర్ట్జ్‌తో మిణుకుతుంది, ఆ మిణుకు కొలతల్లోకి దిగుతుంది. డీఎల్‌పీ (చిట్టి అద్దాల) ప్రొజెక్టర్ అయితే అది రంగులనూ వెలుగు స్థాయిలనూ వేగంగా మార్చుతుంటుంది. కొలత ప్రొజెక్టర్ ఫ్రేముకి పూర్తి గుణిజంగా, అంటే 16.7 మిల్లీసెకన్ల గుణిజంగా సగటు తీసుకోకపోతే అంకెలు ఊగుతాయి. పీజీ హాస్టల్లో రూమ్మేట్ మధ్యలో ఫోన్ టార్చ్ వేసినా ఆ కొలత పోయినట్టే.

ఎంటెక్‌లో చిప్ దాకా వెళ్లొచ్చా? ఫ్యాబ్ ఎక్కడ?

మీ కాలేజీ కేంద్ర ప్రభుత్వ చిప్స్ టు స్టార్టప్ పథకంలో ఉందో లేదో ముందు కనుక్కోండి. ఉంటే, బెంగళూరులోని సీడాక్ చిప్‌ఇన్ సెంటర్ ద్వారా డిజైన్ టూల్స్ దొరుకుతాయి. మొహాలీలోని ఎస్‌సీఎల్ 180 నానోమీటర్ ఫ్యాబ్‌లో (చిప్‌లు తయారు చేసే చోట) విద్యార్థుల డిజైన్లు తయారయ్యాయి. టేపౌట్ (డిజైన్‌ని ఫ్యాబ్‌కి పంపడం) తేదీకి, చిప్ చేతికొచ్చే తేదీకి మధ్య నెలలు పడుతుంది. రెండేళ్ల కోర్సులో ఆ లెక్క ముందే వేసుకోవాలి.

మామూలు సీమాస్ ప్రాసెస్‌లో 4టీ పిక్సెల్‌కి కావలసిన పిన్డ్ ఫోటోడయోడ్ ఉండదు. కాబట్టి 4టీ ఆలోచన పక్కనపెట్టి, ఎన్ వెల్ ఫోటోడయోడ్‌తో 3టీ (మూడు ట్రాన్సిస్టర్ల) పిక్సెల్ గీయండి. నాయిస్ ఎక్కువే, కానీ మీరు చూపించాలనుకున్నది కాలమ్ దగ్గర కూడిక అయితే పిక్సెల్ గొప్పగా ఉండక్కర్లేదు. 64 బై 64 చాలు. లేఅవుట్ మొదలుపెట్టకముందే పైథాన్‌లో మూడు విషయాలు కలిపి సిమ్యులేట్ చేయండి: షాట్ నాయిస్, ఏడీసీ క్వాంటైజేషన్, పిక్సెళ్ల మధ్య ఒక శాతం గెయిన్ తేడా. చాలా ప్రాజెక్టు బొమ్మలు ఈ మూడోదాని దగ్గరే కుప్పకూలతాయి. అది లేఅవుట్ గీశాక తెలియడం కంటే ముందే తెలియడం నయం. అలాగే అదే బిట్ల బడ్జెట్‌తో మామూలు 2 బై 2 బిన్నింగ్ (పక్కపక్క నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలపడం) చేసి, పక్కపక్కన పెట్టి చూపించండి. వైవాలో ఆ పోలిక అడగకుండా ఎవరూ వదలరు.

రెజ్యూమెలో ఇది రాస్తే ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?

ఎల్1 మినిమైజేషన్ గురించి అడిగేవాళ్లు తక్కువ. ఔటర్ రింగ్ రోడ్డు మీది అనలాగ్ టీముల్లో అడిగేవి బేసిక్సే. కొలతకి ఎన్ని బిట్లు పెట్టారు, ఎందుకు? నాయిస్ బడ్జెట్ ఎలా పంచారు? సీడీఎస్ దేన్ని తీసేస్తుంది, దేన్ని తీసేయలేదు? ఒక ఫెమ్టోఫారాడ్ ఫ్లోటింగ్ డిఫ్యూజన్‌లో గది ఉష్ణోగ్రత దగ్గర రీసెట్ నాయిస్ ఎంత? జవాబు సుమారు 2 మిల్లీవోల్టులు, ఎలక్ట్రాన్లలో దాదాపు 13. సీడీఎస్ లేకపోతే ఆ 13 మీ కొలతలన్నిటిలోనూ ఉంటాయి. కంప్రెసివ్ సెన్సింగ్ గురించి ప్రశ్న వస్తే దీని తర్వాతే వస్తుంది.